పీటల వెనక సముద్రం ఎప్పుడొచ్చింది?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

*బాబాయి గారూ, నమస్కారం. మాది బరంపురం, పెద్దబజారు. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి అనుకుంటున్నాం. మా మామగారి కాలం నుంచి మా ఇంట్లో అందరి పెళ్లిళ్లూ ఇంటిముందు రాట వేసి పందిట్లోనో, కాదంటే కల్యాణమండపంలోనో జరిగాయి. ఇప్పుడు అమ్మాయి గోపాల్‌పూర్ బీచ్‌లో తప్ప చేసుకోనంటోంది. కాలేజీలో ఉన్నప్పటి నుంచి పెళ్లి ప్రత్యేక సంచికల్లో బొమ్మలు కత్తిరించి ఒక ఫైలులో దాచుకుంది. మీరు ప్రకటనల పనిలో ఉన్నారు కదా. ఈ కోరిక పిల్లలకి తమంతట తాము పుట్టిందా, లేక ఎవరైనా పుట్టించారా? నాకైతే ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, బరంపురం*

అమ్మా, ముందు టెన్షన్ పక్కన పెట్టండి. అందంగా పెళ్లి చేసుకోవాలన్న కోరిక మీ అమ్మాయిదే. ఆ అందం ఇలా ఉంటుందని చూపించింది మాత్రం పత్రికలు. అది ఎలా జరిగిందో చెబుతాను. తెలిస్తే మీ ఇద్దరికీ మాట్లాడుకోవడం తేలికవుతుంది.

నేను ప్రెస్ నడుపుతూ, ఇక్కడి వ్యాపారుల దగ్గర ప్రకటనలు తీసుకుని తెలుగు, ఒడియా పత్రికలకు పంపేవాణ్ణి. పెళ్లిళ్ల సీజనుకి ముందు ప్రత్యేక సంచిక వస్తోందంటే మాకు చేతినిండా పని. రేటు కార్డు జేబులో పెట్టుకుని గిరి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరగడమే. కాలమ్ సెంటీమీటరుకి ఇంత, రంగుల పేజీకి ఇంత, వెనక అట్టకి ఇంత. ఏజెన్సీకి వచ్చేది 15 శాతం కమీషన్. పట్టుచీరల కొట్టు, నగల కొట్టు, స్టీలు సామాను కొట్టు, శుభలేఖల ప్రెస్. అప్పట్లో ప్రకటనలిచ్చేవాళ్లు వీళ్లే. అందుకే ఆ రోజుల్లో పెళ్లి సంచిక తిరగేస్తే పెళ్లంటే చీర, నగ, కంచం, కార్డు. పెళ్లి ఎక్కడ జరగాలన్న మాట అందులో ఉండేది కాదు. ఆ మాట రాయించడానికి డబ్బిచ్చేవాడు ఇంకా రాలేదు.

పత్రిక మనం కొన్న ధరతో నడవదు. కాగితం, ముద్రణ, రవాణా కలిస్తే అట్ట మీద ధర ఏ మూలకీ చాలదు. ఆ లోటు పూడ్చేది ప్రకటనే. ఇది కొత్త సంగతేం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ వ్యాపారం నిలదొక్కుకున్నాక 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. మన భాషలో పత్రికా, వ్యాపారమూ మొదటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందులో తప్పు పట్టాల్సింది లేదు. పెళ్లి సంచికలో మాత్రం ఒక చిక్కుంది. ప్రకటన ఖరారయ్యాక దాని పక్క పేజీలోకి వ్యాసం కావాలి. నగల కొట్టువాళ్లు రెండు పేజీలిస్తే ‘వధువుకి నప్పే హారాలు’ అని ఒక వ్యాసం వచ్చి తీరుతుంది. హోటళ్లు, రిసార్టులు నిండు పేజీలు ఇవ్వడం మొదలయ్యాక ‘సాగరతీరాన కల్యాణం’ అన్న వ్యాసమూ వచ్చింది. చదివేవాళ్లకి ఏది ప్రకటనో, ఏది వ్యాసమో తెలియాలని ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కానీ రంగుల పేజీలో ఆ గీత చాలా సన్నగా ఉంటుంది.

ఈ పద్ధతి అమెరికాలో బాగా ముందే స్థిరపడింది. 1934లో అక్కడ వధువుల కోసమే ఒక పత్రిక పుట్టింది. తరవాత ‘బ్రైడ్స్’ అన్న పేరుతో ప్రసిద్ధమైంది. మొదట్లో దాన్ని అమ్మలేదు. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ ప్రాంతాల్లో ఎవరి నిశ్చితార్థం వార్త పేపర్లో పడితే ఆ అమ్మాయికి ఉచితంగా పంపేవారు. ఖర్చంతా ప్రకటనదారులది. అంటే పాఠకురాలు పత్రికను వెతుక్కుంటూ వెళ్లలేదు, కొనబోయే మనిషిని పత్రికే వెతుక్కుంటూ వచ్చింది. 2000 సంవత్సరం నాటికి ఆ పత్రిక ఒక్క సంచిక 1,200 పేజీలు దాటింది. అన్ని పేజీలూ వ్యాసాలతో నిండవని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రకటన పెళ్లి ఆచారాన్నే మార్చగలదా అని మీకు సందేహం రావచ్చు. జపాన్‌ సంగతి చూడండి. అప్పటిదాకా అక్కడ నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం పెట్టే ఆచారం లేదు. 1967లో డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ అక్కడ పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టింది. రంగుల ప్రకటనల్లో పాశ్చాత్య దుస్తులు వేసుకుని పడవల్లో, కొండల్లో తిరిగే జపాన్ జంటలు, అమ్మాయి వేలికి వజ్రం. మొదలుపెట్టిన ఏడాది పెళ్లి కుదిరిన జపాన్ అమ్మాయిల్లో వజ్రపుటుంగరం ఉన్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. 1981 వచ్చేసరికి నూటికి అరవై మంది. పద్నాలుగేళ్లలో ఒక దేశం కొత్త ఆచారం నేర్చుకుంది. ఉంగరం విషయంలో జరిగింది వేదిక విషయంలో జరగదా?

మన దేశంలో ఆ దారి వేసింది రాజస్థాన్. ఉదయపూర్‌లో పిచోలా సరస్సు మధ్యనున్న ప్యాలెస్ 1963లో హోటలయింది. కోటలు నిలబెట్టుకోవడానికి రాజకుటుంబాలకు రాబడి కావాలి, పత్రికలకు బొమ్మలు కావాలి. రెండు అవసరాలూ కలిశాయి. 2002 నుంచి ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ ప్రచారం కోటల్నీ బీచ్‌లనీ ప్రపంచం ముందు పెట్టింది. ఆ తరవాత సినిమావాళ్ల పెళ్లిళ్లు. మన తెలుగు తారల పెళ్లిళ్లు కూడా గోవా, ఉదయపూర్, ఇటలీ దాకా వెళ్లాయి. ఆ బొమ్మలు పత్రికల ముఖచిత్రాలయ్యాయి. 2023లో ప్రధానమంత్రే విదేశాల్లో కాదు, మన దేశంలోనే పెళ్లి చేసుకోండని పిలుపునిచ్చారు. ఇంత జరిగాక గోపాల్‌పూర్ లాంటి చిన్న ఊరు ఊరుకుంటుందా? 1914 నాటి నుంచి పెద్ద హోటలున్న ఊరది. ఒకప్పుడు రంగూన్ ఓడలు ఎక్కిన రేవు. బరంపురానికి కూతవేటు దూరం. ఇంకేం కావాలి!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ అమ్మాయి ఫైలు ఒకసారి తెరవండి. బీచ్ పెళ్లి బొమ్మల్లో ఎక్కువ భాగం ఎలా ఉంటాయో చూడండి. వధూవరులు పీటల మీద, వాళ్ల వెనక సముద్రం, సముద్రంలోకి దిగుతున్న సూర్యుడు. ఆకాశమంతా నారింజ రంగు. ఆ బొమ్మ గోవాదో కేరళదో అయి ఉంటుంది. అక్కడ సముద్రం పడమట ఉంటుంది. మన బంగాళాఖాతం తూర్పున ఉంది. గోపాల్‌పూర్‌లో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, సాయంత్రం ఊరి వెనక, చెట్ల వెనక దిగిపోతాడు. ఎంత డబ్బు పోసినా ఇక్కడ ఆ బొమ్మ రాదు.

ఇంకోటుంది. మన పెళ్లిలో వధూవరుల్ని తూర్పుముఖంగా కూర్చోబెట్టడం ఆచారం. గోపాల్‌పూర్‌లో తూర్పుముఖమంటే సముద్రానికి ఎదురుగా కూర్చోవడమే. ఎంత చక్కటి సంగతి! జీలకర్ర బెల్లం అయ్యాక పక్కపక్కన కూర్చుంటే పిల్లలిద్దరికీ ఎదురుగా కనిపించేది సముద్రం. కానీ కెమెరాకి అలా పనికిరాదు. ఫొటోలో సముద్రం పడాలంటే అది వాళ్ల వీపు వెనక ఉండాలి, వాళ్లు పడమటికి తిరగాలి. అందుకే ఈవెంటువాళ్లు మండపాన్ని తిప్పేస్తారు. పురోహితుడు నసిగితే ‘ఫొటోల కోసం పంతులుగారూ’ అంటారు, ఆయన సర్దుకుంటాడు. పత్రికలో ఒక బొమ్మ పీటల దిక్కునే మార్చేసింది చూడండి. ప్రకటన ఒక పెళ్లిని ఎంత దాకా మలచగలదో ఇంతకంటే దగ్గరగా నేను చూపించలేను.

కాబట్టి అమ్మాయితో వద్దని వాదించకండి. సముద్రం ఒడ్డున పెళ్లి మంచి ఊహే. తూర్పుముఖంగా కూర్చోబెట్టమని మాత్రం పట్టుబట్టండి. సముద్రాన్ని చూడాల్సింది కెమెరా కాదు, పెళ్లి చేసుకునే పిల్లలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మన ముహూర్తాలు చాలామటుకు రాత్రి పూట పడతాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నియమముంది. ముహూర్తం కుదిరాకే స్థలం ఖాయం చేయండి, తారుమారు చేయకండి. బీచ్ హోటలువాళ్ల సొత్తు కాదు. ఇసుకలో మండపం వేస్తామంటే అనుమతి కాగితం మీ చేతికివ్వమనండి. మాఘ, ఫాల్గుణాల్లోనే రుషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేల సంఖ్యలో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలల తరవాత రాత్రిపూట పిల్లలు బయటికొచ్చి వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు పెడితే సముద్రంలోకి పోవలసినవి ఊళ్లోకి వస్తాయి. గంజాం, పొడంపేట వైపు రిసార్టు చూస్తున్నట్లయితే సముద్రం వైపు లైట్లు వద్దని ముందే చెప్పండి. మన పిల్ల పెళ్లి వెలుగు ఇంకో ప్రాణికి దారి తప్పించకూడదు.

*బాబాయి గారూ, మాది బరంపురంలో మగ్గం ఉన్న ఇల్లు. పట్టుచీర, పెళ్లికొడుకు కట్టుకునే జోడ నేస్తాం. పెళ్లి పత్రికల్లో కంచి, బనారస్ చీరలే కనిపిస్తాయి. మా ఊళ్లో, మా పక్కన బీచ్‌లో జరిగే పెళ్లి ప్రకటనలో కూడా అమ్మాయి కట్టుకున్నది మా చీర కాదు. ఎందుకిలా? – ఒక నేతకారుడు, బరంపురం*

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డాను. బరంపురాన్ని పట్టు నగరమంటారు. మీ చీరకీ జోడకీ భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, కూడా ఉంది. అయినా ఆ పేజీలో చోటు లేదు.

కారణం ఒకటే. పేజీ కొనేది మగ్గం కాదు, దుకాణం. దుకాణంలో నీ చీరా ఉంటుంది, కంచిదీ ఉంటుంది, సూరత్ నుంచి వచ్చిందీ ఉంటుంది. దేని మీద మిగులు ఎక్కువో అదే మోడల్ ఒంటి మీదికి వెళుతుంది. మధుపర్కాలు నేసేవాళ్లు, సన్నాయివాళ్లు, పందిరి వేసేవాళ్లు, వంటవాళ్లు, అప్పడాలు, వడియాలు పెట్టే మన ఆడవాళ్లు, వీళ్లెవరూ ఏనాడూ రంగుల పేజీ కొనలేదు. కొనలేరు. అందుకని పెళ్లి బొమ్మలోంచి ఒక్కొక్కరే జారిపోయారు. బొమ్మలో లేనిది పిల్లల కోరికలోకి రాదు. కోరికలో లేనిదానికి ప్యాకేజీలో చోటుండదు. సన్నాయి బదులు డీజే రావడానికి సన్నాయి పాతబడడం ఒక్కటే కారణం కాదు.

ఏం చేయాలంటావా? ఒక్కడివే పేజీ కొనాలనుకోకు. సహకార సంఘం తరఫున నలుగురు కలిసి పావు పేజీ తీసుకోండి. అందులో అందగత్తె బొమ్మ వద్దు. చీర అంచు వేయండి. గుడి శిఖరాల్లా అంచు వెంట వరసగా లేచే మీ ఫొడా కుంభాన్ని దారపు పోగు కనిపించేంత దగ్గరగా ఫొటో తీయించండి. పక్కన పెళ్లికొడుకు జోడ, మడత విప్పి. కింద జీఐ గుర్తు, మగ్గం ఉన్న వీధి పేరు. పెళ్లికూతురి తల్లి ఆ పేజీ పట్టుకుని వీధిలోకి రావాలి. రిసార్టువాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి. వాళ్ల తరవాతి ప్రకటన కోసం ఒక చీర, ఒక జోడ అరువిస్తామని, బొమ్మ కింద మీ పేరు వేయాలని అడగండి. నగలకి పత్రికల్లో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. చీరకెందుకు ఉండకూడదు? ఆ అంచు గోపాల్‌పూర్ ఎండలో ఎలా మెరుస్తుందో చూడాలని నాకెంతో ఆశగా ఉంది.

*సార్, ఇప్పుడు పత్రికలు ఎవరు చదువుతున్నారు? పెళ్లి బొమ్మలన్నీ ఫోన్‌లోనే కదా చూస్తున్నాం. – ఒక విద్యార్థిని, గునుపూర్*

నిజమేనమ్మా. కానీ ఆ ఫోన్‌లో కనిపించే బొమ్మ ఎవరు కూర్చారో గమనించు. జంటను మధ్యలో పెట్టడం, వెనక నీళ్లు, బంధువులు ఎక్కడా కనపడకపోవడం. ఇదంతా పత్రికల సెంటర్ స్ప్రెడ్ కోసం, అంటే మధ్యలో ఎదురెదురుగా వచ్చే రెండు పేజీల కోసం, స్థిరపడిన కూర్పు. ఫొటోగ్రాఫర్లు దాన్ని చూసి నేర్చుకున్నారు, ఫోన్ దాన్ని అందరికీ పంచింది. మా రోజుల్లో కనీసం పేజీ పైన ఒక మూల ‘ప్రకటన’ అని ఉండేది. ఇప్పుడు ఒక అమ్మాయి తన పెళ్లి వీడియో పెడితే ఆ రిసార్టు డబ్బు తగ్గించి పెట్టించిందో, ఊరికే పెట్టిందో తెలియడం కష్టం. డబ్బు తీసుకుని పెట్టిన పోస్టులో ఆ సంగతి చెప్పి తీరాలని ఇప్పుడు నియమాలున్నాయి. నువ్వు చూసేవాటిలో ఆ మాట ఉందో లేదో వెతికే అలవాటు చేసుకో.

*అన్నగారూ, మేం నలుగురు మిత్రులం. పర్లాకిమిడిలో డెస్టినేషన్ పెళ్లిళ్లు మొదలుపెట్టాలని ఆలోచన. రాజుగారి కోటలున్నాయి, మహేంద్రగిరి ఉంది, జిరంగ్ బౌద్ధ మఠం ఉంది. శ్రీకాకుళం, విశాఖ నుంచి జనం వస్తారు. ముందు పత్రికలో మంచి ప్రకటన ఇస్తే బుకింగులు వస్తాయి, ఆ డబ్బుతో వసతులు కట్టొచ్చని మా లెక్క. సలహా చెప్పండి. – ఒక యువకుడు, పర్లాకిమిడి*

తమ్ముడూ, మీ ఉత్సాహానికి సంతోషం. లెక్క మాత్రం తిరగేయాలి. ముందు వసతి, తరవాత ప్రకటన.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పోకొనోస్ అనే కొండల ప్రాంతముంది. ఎత్తయినవీ కావు, మంచు శిఖరాలూ లేవు. మన గజపతి జిల్లా కొండల్లాంటివే అనుకో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకొచ్చి పెళ్లిళ్లు చేసుకుంటున్న 1945లో అక్కడ కొత్త జంటల కోసమే ఒక రిసార్టు తెరిచారు. అది నడిచింది. పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. వధువుల పత్రికల్లో పేజీలకి పేజీలు కొన్నారు. ‘ప్రపంచ హనీమూన్ రాజధాని’ అని తమకి తామే పేరు పెట్టుకున్నారు. 1963లో మోరిస్ విల్కిన్స్ అనే హోటలాయన హృదయాకారంలో ఒక స్నానపు తొట్టి కట్టించాడు. 1971లో లైఫ్ పత్రిక ఆ తొట్టిలో ఉన్న జంట ఫొటోను రెండు పేజీల నిండా వేసింది. ఏ ప్రకటనా తేలేనంత పేరు వచ్చింది. అలాంటి తొట్టి లేని రిసార్టు లేకుండా పోయింది.

అక్కడే దెబ్బ తగిలింది. తొట్టి ఎవరైనా కట్టుకోవచ్చు. 1980ల నుంచి విమానం టిక్కెట్లు చవకయ్యాయి. జమైకాలో 1981లో మొదలైన శాండల్స్ లాంటి రిసార్టులు అవే పత్రికల్లో, అవే పేజీల్లో నీలి సముద్రం చూపించాయి. తిండి, తాగుడు, గది, పెళ్లి తంతు అన్నీ ఒకే ధరలో. కొత్త జంటలు అటు మళ్లారు. పోకొనోస్‌లో పేరుమోసిన హోటళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పేజీ కొని తెచ్చుకున్న పేరు, ఇంకొకడు అంతకంటే మంచి పేజీ కొనగానే పోయింది.

మీరు కూడా స్టేజి మీద పొగ, పూల గోడ, గుండ్రటి అద్దాల ఊయల చూపిస్తే విశాఖవాళ్లు పర్లాకిమిడి దాకా ఎందుకొస్తారు? అవి వాళ్ల వీధిలోనే దొరుకుతాయి. మీ ఊళ్లో ఉండి ఇంకెక్కడా లేనివి ఏమిటో కాగితం మీద రాసుకోండి. కోట ప్రాంగణంలో అనుమతి దొరికితే అదొకటి. కొమ్ముతో బొమ్మలు చెక్కే పనివాళ్లున్నారు, పెళ్లికొచ్చినవాళ్లకిచ్చే కానుక వాళ్ల చేతిది కావచ్చు. ఒకే పందిట్లో మన మంగళవాద్యం, ఒడియా ఆడవాళ్లు నోటితో చేసే మంగళధ్వని హుళహుళి వినిపించే ఊరు మీది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు 1936లో ఒడిశాలో కలిసింది, రెండు భాషలూ ఇళ్లలో ఉండిపోయాయి. ఇటు అబ్బాయి, అటు అమ్మాయి అయిన పెళ్లిళ్లు మీ దగ్గర ఎప్పటి నుంచో జరుగుతున్నాయి. రెండు పద్ధతులూ తెలిసిన పురోహితులు, రెండు వంటలూ తెలిసిన వంటవాళ్లు మీకు దొరుకుతారు. దానికి డబ్బు పెట్టండి, దాన్ని చూపించండి.

ఒకటి మాత్రం చేయకండి. సవర గిరిజనుల గోడ బొమ్మలు బాగున్నాయని స్టేజి డెకరేషన్‌లో పెట్టకండి. అవి వాళ్లు తమ దేవతల కోసం, పెద్దల కోసం ఇంట్లో వేసుకునే బొమ్మలు. వెనకాల వేలాడదీసే తెరలు కావు. జిరంగ్ మఠం కూడా అంతే. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పూజాస్థలం అది. అతిథులు వెళ్లి చూసి రావచ్చు కానీ, మీ ప్రకటనలో వెనక సీనరీగా వాడుకుంటే మర్యాద కాదు.

ప్రకటన సంగతికొస్తే, నిండు పేజీ ఒకసారి వేసి ఊరుకోవడం కన్నా పావు పేజీ వరసగా నాలుగు సంచికల్లో వేయడం మేలు. పెళ్లి నిర్ణయం ఒక్కరోజులో అయ్యేది కాదు, పేజీ నాలుగుసార్లు కంటపడాలి. ప్రకటన వేయమని పత్రికకిచ్చే రిలీజ్ ఆర్డర్‌లో కుడిచేతి పేజీ అని రాయించుకోండి. అచ్చయ్యాక వోచర్ కాపీ, అంటే మీ ప్రకటన పడిన సంచిక ప్రతి, చూశాకే డబ్బు కట్టండి. వేసే ఫొటో మీ ఊరిదే కావాలి, మీ ఊరి మనుషులదే కావాలి. ఎన్ని గదులున్నాయి, పలాస స్టేషను నుంచి ఎంత సేపు, జనరేటర్ ఉందా లేదా, ఇవి అక్షరాల్లో ఉండాలి. అక్టోబరు తుఫాన్ల నెలని మరిచిపోకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి మీ జిల్లా కొండల్నే కూల్చింది. ఆ నెలలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకి తేదీ మార్చుకునే వీలు, డబ్బు వాపసు షరతు ప్రకటనలోనే వేస్తే మిమ్మల్ని నమ్ముతారు. నాకు తెలిసి ఈ చుట్టుపక్కల ఎవరూ వేయని వాక్యం అది. మీరు వేయండి.

*అయ్యా, మాది రాయగడ. పత్రికలో ప్రకటన చూసి సముద్రం కనిపించే మండపమని అడ్వాన్సు కట్టాం. తీరా వెళితే మండపం హోటలు వెనక ఖాళీ జాగాలో ఉంది, సముద్రం గోడ అవతల. పెళ్లి ఎలాగో అయిపోయింది. పరువు పోతుందని అప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడేమైనా చేయొచ్చా? – ఒక తండ్రి, రాయగడ*

చేయొచ్చు, చేయండి. పెళ్లి అయిపోయింది కదాని వదిలేయకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లేనిది ఉన్నట్టు చూపే ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. అలాంటి ప్రకటన ఇచ్చినవాళ్లకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అది ప్రభుత్వానికి పోయే డబ్బు. మీ డబ్బు మీకు రావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. హోటలున్న ఊరికి వెళ్లక్కర్లేదు, మీరుండే రాయగడ జిల్లాలోనే వేయొచ్చు. మీరు కట్టింది యాభై లక్షలు మించకపోతే జిల్లా కమిషన్ చాలు. ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. సంగతి జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

పత్రికలో ఆ పేజీ మొత్తం, తేదీ కనిపించేలా, దాచండి. ప్రకటన ముక్క కత్తిరించకండి. అడ్వాన్సు రసీదు, వాళ్లతో నడిచిన మెసేజిలు, మీ పెళ్లి ఫొటోల్లో మండపం వెనక గోడ కనిపించేవి నాలుగు తీసి పెట్టండి. వీడియోవాళ్ల దగ్గర ఎడిట్ చేయని ఫుటేజి ఉంటుంది, అందులో ఆ గోడ తప్పకుండా ఉంటుంది. ఆల్బమ్‌లో మాత్రం తీసేసి ఉంటారు. ముందుగా హోటలుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జవాబివ్వడానికి గడువివ్వండి. చాలాచోట్ల ఆ ఉత్తరానికే కదులుతారు. ఏ కాగితం ఎలా రాయాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు.